ముందు సైకిల్

ఘాట్ రోడ్డులో పై మలుపు తిరగగానే ఆమె సైకిల్ దిగేసింది. వెనకాలే వస్తున్న మరిది కూడా ఆగాడు.

“బ్రేకు పట్టేస్తున్నట్టుంది, కాస్త చూడవయ్యా. కాళ్ళు పీకేస్తున్నాయి.”

“చక్రం బాగానే తిరుగుతోంది వదినా. టైర్లు కూడా గట్టిగానే ఉన్నాయి.”

“మరి ఇంత బరువేమిటి? మీ అన్నయ్య పోయాక మూలన పడేశాను కదా, తుప్పు పట్టిందేమో.”

“సైకిల్‌కేం కాలేదు. ఎదురుగాలి.”

“దిక్కుమాలిన గాలి, ఇవాళే రావాలా!”

“ఇక్కడ రోజూ ఇంతే వదినా.”

“నాకే చెబుతున్నావా? పెళ్ళయినప్పటి నుంచీ ప్రతి ఆదివారం ఎక్కాను ఈ కొండ. ఇంత గాలి ఏనాడూ లేదు.”

“అన్నయ్య ముందుండేవాడు కదా.”

“...ముందే ఉండేవారు. పక్కన రమ్మంటే వచ్చేవారు కాదు. మీ వీపు చూడ్డానికేనా మిమ్మల్ని చేసుకున్నది అని ఈ మలుపులోనే ఎన్నిసార్లు తిట్టానో!”

“నేనూ అడిగాను, వదిన పక్కన వెళ్ళొచ్చుగా అని. నేను తప్పుకుంటే గాలంతా దాని మీదే పడుతుందిరా, అన్నాడు.”

“ఆ మాట నాతో ఒక్కసారి అనొచ్చుగా.”

“...నేను ముందు వెళ్ళనా వదినా?”

“వద్దయ్యా. వెనకాలే రా. ఆ గాలి నాకూ తగలనీ.”