సుత్తి కాదు, అద్దం

అధ్యక్ష స్థానంలో ఉన్న డైరెక్టరు గారికి, వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న నా తోటి ఉద్యోగులకు, ముందు వరుసలో కూర్చుని అప్పుడే రెండుసార్లు వాచీ చూసుకున్న మా ఆవిడకు, మూడో వరుస చివర తలుపు పక్కన కూర్చున్న మన బైండింగు పెద్దాయనకు నమస్కారం. పెద్దాయన రిటైరై మూడేళ్లయింది. ఇవాళ తప్పకుండా రావాలని నేనే ఇంటికి వెళ్లి బతిమాలి పిలిచాను. ఎందుకు పిలిచానో ఆయనకింకా తెలియదు.

ఇప్పటిదాకా మాట్లాడినవాళ్లందరూ నన్ను చాలా పొగిడారు. ఒకాయన నాది దీక్ష అన్నారు, ఇంకొకాయన తపస్సు అన్నారు. అయ్యా, ఈ రికార్డుల కార్యాలయంలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు కిటికీ లేని గదిలో నిలబడి పాత రిజిస్టర్లకు ఫోటోలు తీశాను. అది తపస్సు కాదు, నడుము నొప్పి. (నవ్వులు) గోడ గడియారం కూడా ఇచ్చారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ టైము చూసుకోమని చెప్పినవాళ్లే, ఇక టైముతో పని లేదన్న రోజున గడియారం చేతిలో పెట్టారు. సంతోషం. ఇంట్లో ఇప్పటికే రెండున్నాయి, ఆ రెండింటికీ ఒకదానితో ఒకదానికి పడదు.

ఈ నెలంతా నేను చాలా అలిసిపోయినట్టు కనిపించానని, వెళ్లిపోతున్న దిగులేమోనని ఇందాక డైరెక్టరు గారు అన్నారు. దిగులు కాదమ్మా. అలిసిపోయిన మాట నిజమే. దాని కారణం చెప్పడానికే ఈ మైకు ముందుకు వచ్చాను. కొంచెం ఓపిక పట్టండి. నాకూ పెద్ద ఓపిక లేదు కాబట్టి తొందరగానే ముగిస్తాను.

మన పని తెలియని బంధువులు కూడా ఇక్కడ ఉన్నారు కాబట్టి ముందు ఆ సంగతి చెబుతాను. వందేళ్ల నాటి జనన మరణాల రిజిస్టర్లు, భూముల పటాలు ముట్టుకుంటే పొడి అవుతాయి. అందుకని వాటిని ఒక్కో పేజీ ఫోటో తీసి దాస్తాం, అడిగినవాళ్లకు ఆ ఫోటోనే చూపిస్తాం. తాతగారి పేరు వెతుక్కుంటూ ఎవరో వస్తారు. ఆ పేరులో ఒక్క అక్షరం అలుక్కుపోతే ఆ మనిషి ఒట్టి చేతులతో వెళ్లిపోవాలి. కాబట్టి మా గదిలో అందం అక్కర్లేదు, స్పష్టత కావాలి. పాత కాగితం మీద ఎక్కువ వెలుతురు పడకూడదని రెండే రెండు చిన్న దీపాలు పెడతాం. వెలుతురు తక్కువ కాబట్టి కెమెరా కన్ను పావు సెకనో అర సెకనో తెరిచి ఉంచాలి. ఆ అర సెకను ఏదీ అదరకూడదు.

మా గోడకు అవతలి గది బైండింగు. అక్కడ ఈ పెద్దాయన. చిరిగిన రిజిస్టర్లు కుట్టి, జిగురు పెట్టి, వీపు గుండ్రంగా రావడానికి సుత్తితో కొట్టేవారు. ఇరవై రెండేళ్లు ఆ టక్ టక్ వింటూ పనిచేశాను. మధ్యాహ్నం ఇద్దరం ఒకే బల్ల దగ్గర డబ్బాలు విప్పుకునేవాళ్లం. ఆయన నన్ను తమ్ముడూ అనేవారు, నేను అన్నయ్యా అనేవాణ్ణి. నోటి మాటగా కాదు. మా నాన్న పోయిన రోజున ఆఫీసు నుంచి మొదట వచ్చిన మనిషి ఆయనే.

పదేళ్ల కిందట కొత్త డిజిటల్ కెమెరా వచ్చింది. పాత ఫిల్ము కెమెరాతో ఎప్పుడూ లేని జబ్బు దానితో మొదలైంది. తెర మీద మామూలుగా చూస్తే ఫోటో బాగానే ఉంటుంది, పెద్దది చేసి చూస్తే ప్రతి అక్షరానికీ పక్కన ఇంకో అక్షరం నీడలా ఉంటుంది. లెన్సు తుడిచాను. స్టాండు బోల్టులు బిగించాను. ఫ్యాను ఆపి చెమటలు కక్కుతూ తీశాను. చేత్తో నొక్కితే కదులుతుందేమోనని వైరు పెట్టి దూరం నుంచి నొక్కాను. ఎన్ని చేసినా అంతే. అప్పుడు గోడ అవతల టక్ మని వినిపించింది.

అంతే, దొంగ దొరికాడనుకున్నాను. అదే సుత్తి పాత కెమెరా ఉన్నప్పుడు కూడా మోగిందని నా బుర్రకు తట్టలేదు. పాత కెమెరా ఇనుప దిమ్మ, ఇది తేలికది కాబట్టి అదురు పడుతోందని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఆడలేక మద్దెల ఓడన్న సామెత అందరికీ తెలుసు. నేను ఇంకో మెట్టు ఎక్కి పక్కింటివాడి మద్దెలను ఓడన్నాను.

మొదట ఆయనకే చెప్పాను. అన్నయ్యా, నీ సుత్తి దెబ్బకు నా అక్షరాలు అదురుతున్నాయి అన్నాను. ఆయన మొహం ఎలా మారిందో చెప్పలేను. రికార్డు పాడవడమంటే ఆయనకు సొంత బిడ్డకు దెబ్బ తగిలినట్టే. ఆ మర్నాటి నుంచి సుత్తికి గుడ్డ చుట్టి కొట్టారు. చెప్పులు బయట విడిచి నడిచారు. నేను ఫోటోలు తీసే వేళల్లో సుత్తి పని మానేసి, సాయంత్రం అందరూ వెళ్లాక ఒక్కరే కూర్చుని చేసుకున్నారు. రోజూ గుమ్మం దగ్గరికి వచ్చి, ఇవాళ బాగా వచ్చాయా తమ్ముడూ అని అడిగేవారు. లేదన్నయ్యా అనేవాణ్ణి. ఆ మాట కాస్త విసుగ్గానే అనేవాణ్ణి.

(నీళ్లు తాగారు.)

పదిహేను నెలలు అలా గడిచాక అప్పటి డైరెక్టరు గారికి కాగితం పెట్టాను. బైండింగు గదిని వెనక రేకుల షెడ్డులోకి మార్చారు. మీలో చాలామంది ఆ షెడ్డులోకి వెళ్లి ఉండరు. వేసవిలో గిన్నెలోనే జిగురు గడ్డకట్టేది. వానాకాలం కుట్టిన పుస్తకాలకు తడి పట్టకుండా ఆయన వాటి పక్కనే నిలబడి గొడుగు పట్టేవారు. ఆయనకు ఇప్పటికీ ఉన్న దగ్గు అక్కడ పట్టుకున్నదే.

ఇక అసలు సంగతి. ఆయన్ని మార్చిన ఆరు వారాలకు కూడా నా ఫోటోలు బాగుపడలేదు. ఒక సెలవు రోజున తాళం తీయించుకుని నేనొక్కణ్ణే వచ్చాను. కట్టడం మొత్తంలో పిట్ట మనిషి లేడు. ఫోటో తీశాను. అదే నీడ. ఏం చేయాలో తోచక కెమెరాలో అప్పటిదాకా ముట్టుకోని లైవ్ వ్యూ అనే మీట నొక్కాను. వీడియోలు తీసుకునేవాళ్ల కోసం పెట్టిన ఆటబొమ్మ అని దాన్ని చిన్నచూపు చూసేవాణ్ణి. నొక్కగానే లోపల టప్ మని చప్పుడైంది, కెమెరా వెనక తెర మీద పేజీ నేరుగా కనిపించింది. పది రెట్లు పెద్దది చేశాను. ఒక్క అక్షరం తెరంతా నిండింది, సిరా ఎక్కడ పగిలిందో కూడా కనిపిస్తోంది. చూస్తూనే కాళ్లతో నేలను దబదబా తొక్కాను. ఎవరైనా చూసి ఉంటే ఫోటోల ఆయనకు మతి పోయిందనుకునేవారు. (నవ్వులు) అక్షరం కదల్లేదు. గోడను పిడికిలితో గుద్దాను. కదల్లేదు.

మరి ఫోటోలో ఎందుకు అదిరింది? ఇందాక టప్ మన్నది ఏమిటి? అప్పుడు కూర్చుని, కెమెరాతో వచ్చిన పుస్తకం పెట్టెలోంచి తీసి చదివాను. కెమెరా కొన్న పదిహేడు నెలలకు.

లెన్సు వెనకాల చిన్న అద్దం ఒకటి ఏటవాలుగా ఉంటుంది. మనం కన్ను పెట్టి చూసేది ఆ అద్దంలో పడే బొమ్మనే. బటను నొక్కగానే అది చటుక్కున పైకి లేచి వెలుతురుకు దారి ఇస్తుంది. లేచి పైన తగిలే దెబ్బకు కెమెరా వెంట్రుకవాసి అదురుతుంది. ఎండలో పెళ్లి ఫోటో తీసేవాడికి అది తెలియదు, అంత వేగంగా అయిపోతుంది. అర సెకను తీసే నాలాంటివాడికి ఆ అదురంతా అక్షరాలకు ఎక్కుతుంది. దానికి మందు కూడా ఆ పుస్తకంలోనే ఉంది. మిర్రర్ లాకప్ అంటారు. ఒకసారి నొక్కితే అద్దం పైకి లేచి అక్కడే ఆగిపోతుంది. రెండు మూడు సెకన్లు చేతులు కట్టుకుని నిలబడాలి. అదురు అణిగాక రెండోసారి నొక్కితే అప్పుడు ఫోటో పడుతుంది. అంతే. లైవ్ వ్యూలో అక్షరం చూసి ఫోకసు సరిచేసి, అద్దం లేపి, ఆగి, నొక్కాను. ముల్లుతో గీసినట్టు వచ్చింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట. వెతకడమే అయితే పరవాలేదు, ఒక మనిషిని ఊరి నుంచి వెళ్లగొట్టాను.

మర్నాడు పొద్దున్నే చెప్పేద్దామనే వచ్చాను. ఆ మాట నమ్మండి. నాకంటే ముందే అప్పటి డైరెక్టరు గారు నా గదికి వచ్చి, తెర మీద ఆ ఫోటో చూసి, భుజం తట్టి, ‘చూశావా, మనిషిని మార్చగానే ఫోటో మారింది’ అన్నారు. నేను ‘అవునండి’ అన్నాను.

ఆ ఒక్క మాట. ఆ తర్వాత తేలు కుట్టిన దొంగలా ఎనిమిదేళ్లకు పైగా ఉన్నాను. రేపు చెబుదామనుకున్నాను, పై వారం అనుకున్నాను. పాడైన ఫోటోలన్నీ మళ్లీ తీసేటప్పుడు రిజిస్టరుకు ఒక్కో ఫారం నింపాలి కదా, అందులో ‘తిరిగి తీయుటకు కారణం’ అని ఒక గడి ఉంటుంది. ఆరు వందల నలభై ఫారాల్లో ఆ గడిలో ‘బైండింగు విభాగం అదురు’ అని నా చేత్తో రాశాను. కారణం తెలిసి రాశాను. షెడ్డు ముందు నుంచి వెళితే పెద్దాయన పిలిచి, ఇప్పుడు బాగా వస్తున్నాయా తమ్ముడూ అని అడిగేవారు. బాగా వస్తున్నాయన్నయ్యా అనేవాణ్ణి. అయితే నేను ఇటు రావడమే మంచిదైంది అని నవ్వేవారు. ఆ తర్వాత ఆ దారిన వెళ్లడం మానేసి చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ణి. ఆయన రిటైరైన రోజున ఇదే మైకు ముందు నిలబడి, మన ఫోటోల కోసం ఆయన త్యాగం చేశారని మాట్లాడాను. మీరంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఈ నెలంతా చేసింది ఏమిటంటే, ఆ ఆరు వందల నలభై ఫారాలూ బయటికి తీసి, ఆ గడి కొట్టేసి, ‘ఫోటోగ్రాఫరు అజ్ఞానం’ అని రాసి, ఒక్కోదాని కింద సంతకం పెట్టాను. నిన్న సాయంత్రానికి పూర్తయింది. డైరెక్టరు గారూ, ఇదిగోండి ఉత్తరం. పెద్దాయన ఫైల్లో నా ఫిర్యాదు కాగితం ఉంది. దాని పైన ఇది పెట్టండి. నా పెన్షను కాగితాల మీద సంతకం చేసేముందు ఇది చదవండి, ఏం చేయాలనిపిస్తే అది చేయండి. అమ్మా, వీడియో తీస్తున్న నువ్వే కదా నా తర్వాత ఆ గదికి వస్తున్నది, ఆ వీడియో ఆపకు, ఇది కూడా రికార్డే. నీకు వచ్చే కొత్త కెమెరాలో అసలు అద్దమే ఉండదట. నేను నేర్చుకున్న విద్య నీకు అక్కరకు రాదు. పుస్తకం మాత్రం మొదటి రోజే చదువు.

మా ఆవిడకు ఈ సంగతి ఐదేళ్లుగా తెలుసు. ‘చెప్పకుండా రిటైరయ్యారంటే రోజంతా ఆ మొహం నేను చూడాలి, నా వల్ల కాదు’ అంది. అది బెదిరింపో దయో నాకింకా తెలియదు. (నవ్వులు) నేనూ అలిసిపోయాను. పని వల్ల కాదు, దాచడం వల్ల.

అన్నయ్యా, నిన్ను క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలని పిలిచాను. అంతే.

(మూడో వరుసలోంచి పెద్దాయన లేచి నిలబడ్డారు.)

కూర్చో అన్నయ్యా, దగ్గు వస్తుంది. ఏమిటి? వెనకవాళ్లకు వినిపించలేదు, నేను చెబుతాను. ‘అయితే నా సుత్తి వల్ల ఒక్క పేజీ కూడా పాడవలేదా’ అని అడుగుతున్నారు. లేదన్నయ్యా. ఒక్కటి కూడా లేదు.

నా మొహం పక్కకు తిప్పుకుని చెప్పొద్దంటున్నారు. మైకులో చెప్పమంటున్నారు.

చెబుతాను. బైండింగు విభాగంలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసిన ఈ పెద్దాయన సుత్తి వల్ల, నడక వల్ల, ఏ పని వల్లా, ఈ కార్యాలయంలో ఒక్క పేజీ, ఒక్క అక్షరం పాడవలేదు. అదిరింది నా కెమెరా. తప్పు నాది.

(పెద్దాయన ఇంకా నిలబడే ఉన్నారు. ఏదో అన్నారు.)

ఇది కూడా చెప్పమంటావా? సరే. ‘కొన్నాళ్లపాటు నాకు ఫోను చెయ్యకు తమ్ముడూ. నేనే చేస్తాను’ అంటున్నారు.

అలాగే అన్నయ్యా.

ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. గడియారం ఇచ్చినందుకు కూడా. ఇక నాకు సెలవు.