చావింట్లో సూన్ కమ్ అన్న నా చెల్లెలు

నా పేరు అయోనీ పార్చ్‌మెంట్. వయస్సు అరవై ఒకటి. వృత్తి కర్రపెండలం రొట్టెలు కాల్చి అమ్మడం. నివాసం జమైకా దేశం, సెయింట్ ఎలిజబెత్ పారిష్, మల్లెట్ కోవ్ గ్రామం. ఈ రోజు 1993 జూన్ 14, సోమవారం, మధ్యాహ్నం మూడు గంటలకు ఎవరూ పిలవకుండానే స్టేషనుకు వచ్చి ఇన్‌స్పెక్టరు టెనంట్ గారి ఎదుట ఈ వాంగ్మూలం ఇస్తున్నాను.

నేను వచ్చింది ఒక్క సంగతి అడగడానికి. పట్నం లాకప్పులో ఉన్న నా చెల్లెలు వెరోనాను వచ్చే శనివారం దాటేవరకు వదలకూడదు. ఆమె ఎవరికీ విషం పెట్టలేదు. అయినా వదలకూడదు. ఇన్‌స్పెక్టరు గారు కలం ఆపి, నాకు మతి ఉందా లేదా అన్నట్టు చూశారు. నాకు మతి ఉంది. అందుకే వచ్చాను.

వెరోనా భర్త ఎగ్‌బర్ట్ ఈ నెల 6వ తేదీ ఆదివారం గుండె ఆగి చనిపోయాడు. మంగళవారం వాళ్ళ పెరట్లోనే పూడ్చాము. చావు జరిగిన ఇంట్లో తొమ్మిదో రాత్రి జరిపి, పాడి, చనిపోయినవాణ్ణి సాగనంపేవరకు మా వాళ్ళు ఒక నియమం పాటిస్తారు. ఆ ఇంట్లోంచి బయటికి పోయేటప్పుడు పోతున్నానని గాని, వస్తానని గాని ఎవరూ అనరు. లేచి, బట్టలు దులుపుకొని, వెనక్కి చూడకుండా పోతారు.

ఎగ్‌బర్ట్ అన్న లాసెల్స్ కింగ్‌స్టన్ నుంచి వచ్చాడు. కొత్త బూట్లు, నోటి నిండా వేళాకోళం. మంగళవారం పూడ్చకముందే పోతూ శవపేటిక మూత మీద చేత్తో తట్టి, "సూన్ కమ్, తమ్ముడూ" అన్నాడు, అంటే ఇదిగో వచ్చేస్తానని. వరండాలో డామినోలు ఆడేవాళ్ళ చేతులు ఆగిపోయాయి.

నేను అతని చొక్కా పట్టుకున్నాను. "ఆ మాట వెనక్కి తీసుకో లాసెల్స్" అన్నాను.

"ఊరుకో వదినా. సూన్ అంటే రేపు, వచ్చే ఏడు, అసలు రాకపోవడం కూడా. ఈ దేశంలో ఆ మాట నిలబెట్టుకున్న మగాణ్ణి ఒక్కణ్ణి చూపించు" అని నవ్వుకుంటూ కారెక్కాడు.

ఇక్కడ ఇన్‌స్పెక్టరు గారు, "సూన్ అంటే కొద్దిసేపట్లో అని బళ్ళో నేర్పారు కదమ్మా, అందులో భయపడేదేముంది?" అన్నారు. ఆయన కింగ్‌స్టన్‌లో చదువుకున్నారు. పుస్తకంలో అంతే ఉంటుంది. మా నోళ్ళలో అది గడియారం మాట కాదు. మేస్త్రీ సూన్ కమ్ అని పోతాడు, ఇంటికప్పు ఒక వానాకాలం నానుతుంది. బస్సు కండక్టరు సూన్ కమ్ అని భోజనానికి పోతాడు, మేము సీట్లలో కునుకు తీస్తాము. ఎవరూ తిట్టుకోరు. నిన్ను వదిలేసి పోవడం లేదు, మనసు ఇక్కడే ఉంది అని దాని అర్థం. బతికున్నవాళ్ళకు వేరే పనులుంటాయి, మర్చిపోతారు. చనిపోయినవాళ్ళకు వేరే పని లేదు. వాళ్ళు ఎదురుచూస్తారు.

బుధవారం పొద్దుగూకే వేళ నేను, వెరోనా ముందు గదిలో ఉన్న ఆమె కొట్టులో ఉప్పు పొట్లాలు కడుతున్నాము. లోపల భోజనాల బల్ల దగ్గర కుర్చీ ఈడ్చిన చప్పుడైంది. వెళ్ళి చూస్తే ఎగ్‌బర్ట్ కుర్చీ కాదు, దాని పక్కది. చుట్టానికి చోటు చూపించినట్టు వెనక్కి జరిగి ఉంది. నేను లోపలికి నెట్టాను. గురువారం అదే వేళకు మళ్ళీ జరిగింది. వెరోనా, "ఉండనీలే అక్కా, ఎన్నిసార్లు నెడతావ్" అంది.

శుక్రవారం నాలుగు గంటలకు లాసెల్స్ వచ్చాడు. కబురు లేదు, సంచీ లేదు. కాళ్ళకు ఇంట్లో వేసుకునే చెప్పులున్నాయి. ఎందుకొచ్చావని అడిగాను.

"తెలీదు వదినా. పొద్దున్నించీ ఇక్కడికి రావాలనే ఉంది" అన్నాడు. వేళాకోళం ఏమీ లేదు. నేరుగా వెళ్ళి ఆ జరిగిన కుర్చీలో కూర్చున్నాడు. వెరోనా చేపల చారు పోసి ఇచ్చింది. అదే గిన్నెలోది నేనూ తాగాను. అతను రెండు చెంచాలు తాగి, ఎదురుగా ఎవరో పలకరించినట్టు తలూపి, అలాగే కూర్చుని ప్రాణం వదిలాడు.

కబురు తెలిసి వచ్చిన అతని భార్య విషం అంది. మీ జీపు వచ్చింది. వరండాలో లాసెల్స్ మీద దుప్పటి కప్పి ఉంది. జీపెక్కుతూ వెరోనా నావైపు తిరిగి, "సూన్ కమ్ అక్కా, మేకలు చూడు" అంది. యాభై ఏళ్ళుగా గడప దాటితే చాలు అనే మాట, అలవాటుగా వచ్చేసింది. నేను పరిగెత్తి ఆమె నోరు మూశాను. అప్పటికే అనేసింది. దాని చేతులకు బేడీలు, నా చెయ్యి దాని నోటి మీద, ఇద్దరమూ ఒకరి కళ్ళల్లోకి ఒకరం చూసుకున్నాము. నాకున్నది ఆ ఒక్క చెల్లెలు.

నిన్న మేకలకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళాను. కిటికీలోంచి చూశాను. బల్ల దగ్గర మూడో కుర్చీ జరిగి ఉంది. అది నేను ముట్టుకోలేదు.

అందుకే అడుగుతున్నాను. శనివారంతో లాసెల్స్ తొమ్మిదో రాత్రి కూడా అయిపోతుంది. ఇద్దరినీ సాగనంపుతాము. అప్పటిదాకా నా చెల్లెలు ఆ గడప తొక్కకూడదు. అన్నం నేను తెచ్చి పెడతాను.

ఇన్‌స్పెక్టరు గారు పట్నానికి ఫోను చేశారు. చారులో విషం లేదని తేలిందట. వెరోనాను రెండు గంటలకే వదిలేశారట, మినీబస్సు ఎక్కిందట. నేను లేచి తలుపు వైపు నడిచాను. నన్ను సముదాయించడానికి ఆయన కార్పొరల్ చేత వెరోనా కొట్టుకు ఫోను చేయించారు. కార్పొరల్ తిరిగి వచ్చి, "ఎవరో మగమనిషి తీశాడండీ. ఆమె ఇంకా చేరలేదట. సూన్ కమ్ అన్నాడు" అని చెప్పాడు.

ఆ ఇంటికి రెండే తాళంచెవులు. ఒకటి నా నడుముకు ఉంది. రెండోది వెరోనా దగ్గర ఉంది. లోపల బతికున్న మనిషి లేడు.

అయితే వెరోనా ఇంకా దారిలోనే ఉంది. బస్సు మా మలుపుకు చేరేలోపు జీపు చేరగలదు. ఇది నేను కళ్ళతో చూసింది, చెవులతో విన్నది, ఇందులో కల్పించింది లేదు. ఇన్‌స్పెక్టరు గారు మొదటినుంచి చదివి వినిపిస్తానంటున్నారు. నాకు వినే తీరిక లేదు. సిరా ఇటివ్వండి, వేలిముద్ర వేస్తాను. జీపు తీయండి.

అయోనీ పార్చ్‌మెంట్, ఎడమ బొటనవేలి ముద్ర. వాంగ్మూలం ఇచ్చినామె ఆగనందున ముద్ర చెదిరింది. జీపు బయలుదేరిన సమయం 4.10.