ఆకులు చెక్కిన పాలరాతి పాత్ర

హలో… ఆ, నేనే వదినా, సంయుక్తని. వినిపిస్తున్నదా?…

ఇప్పుడే ఇంటికొచ్చిన… మ్యూజియం పోయిన. అవును, మీ తమ్ముడు జితేంద్ర పోయినంక బయటికెళ్లుడు ఇదే మొదలు.

ఆ, లాక్‌డౌన్ అయినంక మళ్ల తెరిచిన్రు. టెర్మిన్… అదే, అపాయింట్‌మెంట్ తీసుకొనే పోవాలె. అంత పెద్ద హాల్ల నేనొక్కదాన్నే… కాపలా ఆమె ఒకామె, మాస్కు పెట్టుకొని, దూరంగ.

ఎందుకంటే… మీ తమ్మునికి అక్కడ ఒకటి మస్తు ఇష్టముండె. పాలరాతి పాత్ర. పాతకాలం రోమన్లది. చుట్టూర ఆకులు చెక్కి ఉంటయి… వాళ్ల గుడి స్తంభాల తలల మీద ఉంటయి చూడండి, గట్లనే. జర్మనీకి, ఈ డ్రెస్డెన్‌కు వచ్చిన కొత్తల చూసి, "దీంట్ల ఉగాది పచ్చడి కలిపితే మన గల్లీ అంతటికీ సరిపోతది" అన్నడు. నవ్వాపుకోలేక చచ్చిన.

…అదే చెప్తున్న. కింద రాసింది ఇయ్యాల్నే చదివిన. పచ్చడికి కాదు, పూలకు కాదు వదినా… చితాభస్మం పెట్టేదట. ఒక భార్య చేయించిందట, భర్త కోసం.

…హలో? ఉన్నరా?

ఏడ్వలే. అక్కడ్నే కూలబడ్డ. కాపలా ఆమె ఉరికొచ్చి… దూరంల ఆగింది. చెయ్యి చాపి, మళ్ల వెనక్కి తీసుకున్నది. ఏం జేస్తది, కరోనా రూల్. "మీ వాళ్లెవరన్న ఉన్నరా, పిలవాల్నా?" అన్నది.

…ఎవరి పేరు చెప్త?

కాదు వదినా, అస్థికలు వేరేటోళ్లతోని పంపను. విమానం దొరికినోళ్లకిస్తే మీరే కాళేశ్వరంల కలుపుతమన్నరు, తెలుసు… అత్తమ్మ బాధ గూడ తెలుసు. కానీ హాస్పిటల్ల నన్ను ఆయన చెయ్యి పట్టుకోనియ్యలే. అద్దంలకెల్లి చూపెట్టిన్రు, అంతే. ఇప్పుడు గా బూడిద గూడ ఎవరి చేతికో ఇయ్యాల్నా?… శ్మశానం వాళ్లు దాస్తమన్నరు. నాకు టికెట్ దొరికినంక నేనే తెస్త. ఒళ్లె పెట్టుకొని.

…

కోపమొచ్చిందా?

…నిజంగ? అత్తమ్మనే అన్నదా? "కోడలే తేవాలె" అన్నదా?…

ఆ… ఉన్న.

తిన్ననా?… లేదు. పొద్దున చాయ్ తాగిన. ఒక్కదాని కోసం పొయ్యి ముట్టియ్య బుద్ధైతలేదు.

సరే… సరే, వండుత. పప్పు నానబెట్టలే, చారు పెడ్త. వదినా… పెట్టెయ్యకండి. ఫోను స్టవ్ పక్కకు పెడ్తున్న. మీ పని మీరు చేస్కోండి, మాట్లాడకున్న ఏం గాదు… మీ దిక్కు గిన్నెల చప్పుడైనా వినపడనియ్యండి.

ఇగో… పెట్టిన. బియ్యం కడుగుతున్న…

ఉన్నరు గదా?