పిరానాలు కొరికిన వల

అమెజాన్ వరద తీసిన ఒక ఉదయం. ఏటి ఒడ్డున గుంజల మీద కట్టిన ఇంటి మెట్ల మీద కూర్చుని భార్య వల బాగుచేస్తోంది. భర్త పడవలోంచి చేపలబుట్ట దించుతున్నాడు.

"ఇంత బొక్క ఎలా పడిందయ్యా?"

"పిరానాలే. ఎర్రపొట్టవి, మందగా వచ్చిపడ్డాయి."

"పిరానా కొరికితే నెలవంకలా తెగుతుంది. ఇది తిన్నగా తెగింది. చేపలు కత్తి పట్టడం ఎప్పుడు నేర్చాయి?"

భర్త అటు తిరిగి బుట్టలో చేపలు ఏరసాగాడు.

"ఆ పక్కూరి డోరివాల్ కోశాడు కదూ? మడుగులో చేపలన్నీ తనవేనని మళ్ళీ గొడవ మొదలెట్టాడు. పోయినేడు వాడు నరికిన నరుకుడికి మా తమ్ముడి చెయ్యి ఇంకా పైకి లేవట్లేదు. నా మీద ఒట్టేసి చెప్పు."

"డోరివాల్ కాదే. నేనే కోశాను."

"నువ్వా!"

"ఏటి డాల్ఫిన్ పిల్ల వలలో చిక్కుకుంది. తల్లి పడవ చుట్టూ తిరుగుతూ మాటిమాటికీ తల పైకెత్తి చూస్తోంది. నావల్ల కాలేదు."

"వలలు చింపే డాల్ఫిన్లు కనపడితే పొడిచేస్తానని రేవులో అందరి ముందూ అరిచింది నువ్వేగా?"

"అందుకేగా పిరానాలన్నాను! తెలిస్తే రేవులో తలెత్తుకోగలనా?"

"హమ్మయ్య! ఇంతేనా! నా గుండె ఇప్పటికి కుదుటపడింది. ఆ చూరులో ఎండిన పిరానా దవడ ఉంది, ఇలా అందుకో."

"ఎందుకే?"

"ఎవరూ చూడకముందే ఈ అంచులు కొరికించాలి."