నల్లమిట్ట లైబ్రరీ నిశ్శబ్దం

ధర్మవరంలో మా మగ్గాల కాలనీకి వచ్చే దోవలో అంజనమ్మ టీ అంగడి ఉండాది. ఆ పొద్దు బెంచీల మీద జాగా లేదు. యాలంటే, పట్టుచీరల వ్యాపారం చేసే కేశవన్న ఈ టీ అంగడికి ఎదురుగా కాలనీ పిల్లోళ్లకని ఒక చదువు గది కట్టించినాడు. బీరువాలొచ్చినాయి, పుస్తకాలొచ్చినాయి. గదిని చూసుకునేదానికి హేమావతి, అర్చన అని మా నేతగాళ్ల ఇండ్లలోని ఆడపిల్లోళ్లను ఇద్దర్ని పెట్టుకున్యారు. ఆ ఇద్దరికీ పని నేర్పి, వెనకాల నిలబడేదానికి ఆ పని తెలిసిన మనిషి ఒకడు కావల్ల. ఎవురూ పిలవకుండానే తిప్పేస్వామి సారు వచ్చి కూచున్యాడు.

తిప్పేస్వామి సారు లైబ్రేరియన్‌గా చేసి రిటైరైన మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ప్రతి మాటకూ పక్కనున్నోని భుజం మీద తట్టే అలవాటు. ఆయన పక్కన కూచుంటే చెవులకంటే ముందు భుజం నొస్తాది. ఆ పొద్దు ఆ పక్కన కూచున్న పాపానికి నా భుజమే దొరికింది. నాకవతల మగ్గం నేసే ఆదెన్న, ఎదురు బెంచీ మీద కేశవన్న, కేశవన్న దగ్గర చీరలు కొనను పల్లె నుంచి వచ్చిన కుళ్లాయప్ప అనే ఆయన.

హేమావతి, అర్చన పుస్తకాల పెట్టెలు లోపలికి మోస్తాండారు. సారు ఈడి నుంచే కేకేసినాడు. "ఏయ్ అమ్మణ్ణీ! అదేమన్నా వడ్ల మూటనా? మెల్లగా!" మల్ల మా దిక్కు తిరిగి, "చూసినావా కేశవా? రెండు చేతులుండాయి, మెదడు లేదు. ఇట్లాంటోళ్లను ఎంతమందిని దోవకు తెచ్చినానో నీకు తెలుసా?" అన్యాడు.

"తెలియదు సార్. చెప్పండి" అన్యాడు కేశవన్న. వ్యాపారస్తుడు కదా, సరుకు పూర్తిగా విప్పి చూడందే మాట ఇయ్యడు.

అంతే, సారు అందుకున్యాడు.

"స్టాఫ్‌ను నడిపించేదంటే మగ్గం ఆడించినట్లు కాదప్పా ఆదెన్నా. మగ్గం సెలవడగదు. మగ్గానికి మేనమామ చచ్చిపోడు. స్టాఫ్‌కు వారానికొక మేనమామ చచ్చిపోతాడు. నేను నల్లమిట్ట లైబ్రరీకి పోయినప్పుడు ఆడ ఉండింది ఇద్దరు. కొండప్ప అని అటెండరు, రత్నమ్మ అని కసువు ఊడ్చే ఆమె. మనుషులా అవి? మట్టిముద్దలు. ఆ కొండప్ప పేపరు మీద చెంప ఆనిచ్చి నిద్రపోతే, లేచేసరికి అక్షరాలన్నీ చెంప మీద అచ్చు పడింటాయి. చదువుకునను వచ్చినోళ్లు ఇంగ పేపరు యాల అని వాని చెంప మీదనే వార్తలు చదువుకుని పోతాండిరి!"

"తిరగేసి కదా సార్ పడతాయి అక్షరాలు?" అన్యాడు ఆదెన్న.

"తిరగేసే చదువుతాండిరి! అలవాటైపోయింటే? సుమ్మనుండు, చెప్పనీ. నేను పోయిన మొదటి దినం వాన్ని పిలిచి ఒక్క మాట అన్యా. 'కొండప్పా' అన్యా. అంతే. తిట్టల్యా, మెమో ఇయ్యల్యా. మరుసటి దినం ఎనిమిదికల్లా తలుపు తీసినాడు."

ఈడిదాకా బాగనే ఉండాది. మనిషిని పేరు పెట్టి పిలిస్తే పనికొస్తాడు, నమ్మచ్చు. కేశవన్న కూడా తలకాయ ఊపినాడు. ఆ ఊపే కొంప ముంచింది.

"ఎనిమిదంటే ఎనిమిదే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఊర్లో కోళ్లు కూయడం మానేసినాయి. కొండప్ప బీగం తీసిన చప్పుడు వినపడినాకనే కూస్తాండె. ఒకసారి వానికి జరమొచ్చి రాల్యా. ఆ దినం నల్లమిట్టలో తెల్లవారనే లేదు! జనం పడుకున్నోళ్లు పడుకున్నట్లే ఉండిరి. నేను పోయి తలుపు తీస్తే అప్పుడు పొద్దు పొడిచింది."

"సారు ఆ ఊర్లోనే కాపురముంటిరా?" అన్యాడు కుళ్లాయప్ప. అదే ఆయన మొదటి మాట.

"ఊర్లో యాలప్పా? నేను అనంతపురంలో. నా కుర్చీ ఆడ ఉండె, చాలదా? కుర్చీ మీద తువ్వాల వేసొస్తాంటి. నేను లేని దినం తువ్వాలకు దండం పెట్టి పని మొదలుపెడతాండిరి. సెలవు కావల్లంటే తువ్వాలనే అడగల్ల."

"ఇస్తాండెనా?"

"తువ్వాలనా? నాకంటే కఠినం అది! ఒక్కరికీ ఇయ్యల్యా."

అంజనమ్మ పొయ్యి కాడి నుంచి కిసుక్కుమనింది. సారు పట్టించుకోల్యా. నా భుజం మీద ఇంకో దెబ్బ పడింది.

"ఇంగ రత్నమ్మ. మన దిక్కు గాలి సంగతి మీకు చెప్పల్సిన పని లేదు. ఆషాఢం వచ్చిందంటే ఎర్రమన్ను ఇంట్లోకొచ్చి అన్నం గిన్నెలో కూచుంటాది. ఆ యమ్మ పొద్దున ఊడ్చేది, మధ్యాన్నానికి బీరువాల మీద వేలితో పేరు రాయచ్చు. నేను పిలిచి, 'రత్నమ్మా, వచ్చిన మన్ను ఊడ్చేది పనితనం కాదు, మన్ను రాకుండా ఊడ్చల్ల' అన్యా. ఇది మేనేజ్‌మెంటు కేశవా, ఇది ఏ ట్రైనింగులోనూ చెప్పరు. ఆ దినం నుంచి ఆ యమ్మ చీపురు పట్టుకుని గడపలో నిలబడితే, గాలి వాకిటి దాకా వచ్చి, ఆమె మొగం చూసి, రెండుగా చీలి ఈ పక్కొకటి ఆ పక్కొకటి పోయేది. రైతులు చూసినారు. ఊరికే పోయే గాలి కదా అని శెనక్కాయలు తెచ్చి లైబ్రరీకి అటూ ఇటూ తూర్పార పట్టుకున్యారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొండ మీద గాలిమరలు ఉండాయి కదా, అవి సగం ఇట్ల, సగం అట్ల తిరగను మొదలుపెట్టినాయి. కరెంటు కంపెనీ ఇంజనీర్లు కార్లేసుకుని వచ్చి, 'అయ్యా, మీ ఊడ్చే ఆమెను రవ్వంత పక్కకు నిలబడమని చెప్పండి' అని నా కాళ్లు పట్టుకున్యారు."

"జరిగిందా ఆ యమ్మ?" ఆదెన్న నవ్వు ఆపుకోను బెంచీ గట్టిగా పట్టుకున్యాడు.

"నేను చెప్పందే యాడ జరుగుతాది! స్టాఫ్‌కు నా మాట తప్ప వేరే మాట వినపడకూడదు. అట్ల పెంచినా. ఆ వినపడేదాని మీదనే ఉండాది అసలు కథ. చెప్పల్లనా, వద్దా?"

ఎవురూ చెప్పమనల్యా. ఎవురూ వద్దనల్యా. ఆయనకు అది చాలు.

"లైబ్రరీకి కావల్సింది నిశ్శబ్దం. మా ఇద్దరికీ నిశ్శబ్దం నేర్పినా. మొదట చెప్పులు విప్పించినా. తర్వాత దగ్గడం మాన్పించినా. కొండప్పకు ముసలితనం దగ్గు, వాకిటి బయటికి పోయి, మలుపు దాటి దగ్గి వస్తాండె పాపం. తర్వాత రత్నమ్మ గాజులు. చప్పుడైతాయి, తీసిపెట్టమన్యా. ఆ తర్వాత ఇద్దరూ మాటలే మానేసినారు. కన్ను ఇట్లంటే వార్తాపత్రిక, ఇట్లంటే నవల. గోడ మీద బల్లి కూడా బయటికి పోయి కూతేసి వస్తాండె. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఈ సారి ఆయన మా మొగాలన్నీ ఒక్కొక్కటీ చూసినాడు. పెద్ద సరుకు బయటికి తీస్తాండాడని మాకు తెలిసిపోయింది.

"ఒక దినం కొండప్ప నేల మీద చెవి పెట్టి పడుకున్యాడు. మల్ల నిద్రనేమో అని తందామని పోతి. వాడు వేలు పెదాల మీద పెట్టి, 'సార్, నీళ్లు' అన్యాడు. యాడరా అంటే, 'కింద. బీరువా కాడి నుంచి ఉత్తరంగా పోతాండాయి' అన్యాడు. అర్థమైందా అప్పా? మనోళ్లు బోర్లు వేసి వేసి భూములమ్ముకున్యారు. టెంకాయలు పట్టుకుని నీళ్లు చూసేటోళ్లు, మిషన్లు పట్టుకున్నోళ్లు వచ్చి చూసి, నీళ్లు లేవని చేతులెత్తేసినారు. వాళ్లకు నిశ్శబ్దం యాడిది? నా స్టాఫ్‌కు ఉండె! భూమి కింద నీళ్లు పారే చప్పుడు మా లైబ్రరీలో స్పష్టంగా వినపడతాండె. రత్నమ్మ ఇంకా గట్టిది. ఉప్పునీళ్లా మంచినీళ్లా అని చప్పుడును బట్టి చెప్తాండె."

"అట్లయితే బోరేసినారా సార్?" అన్యాడు కేశవన్న. నవ్వు లేదు ఆయన మొగంలో.

"వెయ్యకుండా? బోరుబండిని పిలిపిస్తి. పైపు ఇంకా దిగనే లేదు, కొన ఇట్ల తగిలిందో లేదో, బోరుబండి ఎగిరి మేడెక్కింది! నీళ్లు మబ్బులదాకా పోయినాయి. పోయి, గాలికి వంగి, విడపనకల్లు మీద వానగా పడినాయి. అది సరిహద్దు కదా, కొన్ని చుక్కలు అవతల పడినాయి. కర్ణాటకోళ్లు వాన మాది అన్యారు, మనోళ్లు నీళ్లు మావన్యారు. రెండు పక్కలా జీపులు! నేను మధ్యలో కుర్చీ వేసుకుని కూచుని పంచాయితీ చేస్తి. ఇంత జరుగుతాంటే లైబ్రరీలో ఒక్క పుస్తకం తడిసిందా? తడవల్యా! 'ఒక్క చుక్క పుస్తకానికి తగిలితే మీ ఉద్యోగాలుండవు' అంటి. ఇద్దరూ వాకిటికి వీపు అడ్డం పెట్టి నిలబడినారు. వీపు కట్టకు నీళ్లాగినాయి. ఆ కట్ట కింద ఊరంతా వరి పెట్టినారు!"

"ఇద్దరి వీపు కిందనా?" అన్యా నేను. భుజం నొప్పికి నోరు ఊరుకోల్యా.

"వీపంటే వాళ్లదేనా? వెనకాల నా మాట ఉండె కదా! అట్లాంటి నన్ను బదిలీ చేసినారు. ఆ దినం చూడల్ల మీరు. నేను బస్సెక్కితే కొండప్ప, రత్నమ్మ చక్రాల కింద పడుకున్యారు. వాళ్లను చూసి ఊరు, ఊరును చూసి గొడ్లు. కన్నీళ్లకు దోవ బురదై బస్సు కూరుకుపోయింది. నేనే దిగి, పోనీయండ్రా అని బతిమాలి బయలుదేరితి. మలుపు తిరిగినానో లేదో, వెనకాల ఢాం! ఢాం! ఢాం! గౌరవ వందనం అప్పా! దేశానికి సేవ చేసినోళ్లకు పేలుస్తారే తుపాకులు, అవి. ఒక లైబ్రేరియన్‌కు తుపాకులు పేల్చిన ఊరు ఇంకోటి చూపీ కేశవా! ఇంగ ఈ ఇద్దరు ఆడపిల్లోళ్లెంత నాకు? రేపటి నుంచి అప్పజెప్పు."

కుళ్లాయప్ప గ్లాసు కింద పెట్టినాడు. "సారు నన్ను గుర్తుపట్టినట్లు లేదు."

"యాడో చూసినట్లుండాది."

"నల్లమిట్టలో మీ లైబ్రరీకి ఎదురుగా ఉండే చిల్లరంగడి నాదే సార్. మీరు వచ్చిన దినాలు తక్కువ. గుర్తు లేకపోతే తప్పు మీది కాదు."

అంతసేపు ఆయన చెప్పిన నిశ్శబ్దం అంటే ఎట్లుంటాదో మాకు అప్పుడు తెలిసింది. అంజనమ్మ పొయ్యి మీద పాలు పొంగుతాంటే కూడా ఎవురూ కదలల్యా.

"భూమి కింద ఏముండెనో నాకు తెలియదు" అన్యాడు కుళ్లాయప్ప. గొంతు పెంచల్యా. "భూమి మీద మాత్రం మీ లైబ్రరీలో తాగను చుక్క నీళ్లు లేవు. కొళాయి పెట్టించమని రత్నమ్మ అడిగితే, 'పని చేయను వచ్చినావా, నీళ్లు తాగను వచ్చినావా' అంటిరి. ఆ యమ్మ దినామూ మా ఇంటి నుంచి బిందె మోసింది. చదువుకునే పిల్లోళ్లు తాగిన నీళ్లు అవే. కొండప్ప దగ్గుకు ఆస్పత్రికి పోవల్లంటే సెలవియ్యల్యా మీరు. బయటికొచ్చి దగ్గింది నిజమే. నా అంగడి అరుగు మీద కూచునే దగ్గినాడు."

సారు మొగం ఎర్రగా అయింది. "చిన్న సంగతులప్పా అవన్నీ! పెద్ద పనులు చేసేటప్పుడు బిందెలు, దగ్గులు ఎవురు చూస్తారు? ఆ పేలింది నువ్వూ వినింటావు కదా? చెప్పు వీళ్లకు. పేలిందా, లేదా?"

"పేలింది సార్. తుపాకులు కాదు, టపాకాయలు. అమ్మింది నేనే."

ఆదెన్న నోట్లో ఉన్న టీ నేల పాలైంది.

"దీపావళికి అమ్ముడుపోని సరుకు అటక మీద పడుండె. మండే ఎండల్లో కొండప్ప వచ్చి ఉన్నదంతా కట్టమన్యాడు. ఏం పండగప్పా అంటే, 'మా సారు పోతాండాడు' అన్యాడు."

"చూసినారా!" సారు ఒక్క ఎగురు ఎగిరి నిలబడినాడు. "నేనేం చెప్తాండా? గౌరవం! చేతిలో ఉన్నదంతా పెట్టి టపాకాయలు కొన్యాడు! ప్రేమ లేకపోతే కొంటాడా?"

"నేనూ అట్లనే అనుకుంటి సార్. సంచి తీసుకుని గడప దిగినోడు, మల్ల వెనక్కొచ్చి మెల్లగా అడిగినాడు. 'అన్నా, బదిలీ రద్దయి సారు మల్ల వస్తే, వీటిని వాపసు తీసుకుంటావా?' అని."

"నువ్వేమంటివి?" అనింది అంజనమ్మ.

"తీసుకోనంటి. అందుకే మీ బస్సు మలుపు తిరిగేదాకా సంచి ముడి విప్పల్యా వాడు. రత్నమ్మ అగ్గిపెట్టె పట్టుకుని పక్కనే ఉండె."

నవ్వు బెంచీ బెంచీ దాటి రోడ్డు మీదికి పోయింది. చదువు గది వాకిట్లో హేమావతి, అర్చన పెట్టె దించి ఏమైందా అని చూస్తాండారు. సారు మాత్రం మా ఎవురినీ చూడల్యా. కేశవన్ననే చూసినాడు. "పల్లెటూరోళ్ల మాటలు కేశవా. నీకు పని తెలిసిన మనిషి కావల్లనా, వద్దా?"

కేశవన్న లేచి పంచె దులుపుకున్యాడు. చీర బాగలేదని చెప్పాల్సి వచ్చినప్పుడు నేసినోని మనసు నొయ్యకుండా చెప్తాడే, అట్లాంటి మెత్తని గొంతుతో అన్యాడు.

"తప్పుగా అనుకోవద్దు సార్. మా ఆడపిల్లోళ్లకు ఇచ్చే జీతం తక్కువ. టపాకాయలు కొనలేరు."