పాత వంతెన దగ్గర ఐదు టన్నుల బోర్డు

సభాధ్యక్షులు, మా డిప్యూటీ ఇంజనీర్ హరికృష్ణ గారికి, నా పక్కన కూర్చుని మర్యాదకు గడియారం చూడకుండా ఓపిక పడుతున్న అసిస్టెంట్ ఇంజనీర్ మహిత మేడమ్‌కు, ముప్పై నాలుగేళ్లుగా నా సెలవు చీటీలు చదవకుండానే సంతకానికి పంపిన సెక్షన్ క్లర్కు రాజేశ్వరి గారికి, గ్యాంగు అన్నలకు, అక్కలకు, ఇంత మంచి కొత్తవాడ జంపఖానా నాకు కానుకగా తెచ్చిన మిత్రులకు, మొదటి వరుసలోంచి 'జల్ది ముగించు' అని కళ్లతోనే చెప్తున్న నా భార్య సారమ్మకు నమస్కారం. (నవ్వులు)

ఈ రిటైర్మెంటు సభలో మాట్లాడాలని రాత్రి రెండు కాగితాలు రాసుకున్నాను. కానీ నాకంటే ముందు మాట్లాడిన పెద్దలంతా సాల్మన్ నిక్కచ్చి మనిషి, వర్క్ ఇన్‌స్పెక్టర్ అంటే ఇట్లా ఉండాలి అని చెప్తుంటే, ఆ కాగితాలు జేబులోంచి తీయబుద్ధి కాలేదు. వాళ్లు చెప్పిన మనిషి నేనేనా అని నాకు అనుమానంగా ఉంది. మర్యాదకు అంటున్న మాట కాదిది, నిజంగానే తెలియడం లేదు.

మీలో చాలామంది ఇవాళ పాత వంతెన మీదుగానే ఈ హాలుకు వచ్చారు. వంతెన ఎక్కేముందు ఎడమ పక్కన ఒక బోర్డు ఉంటుంది. 'ఐదు టన్నులు మించిన వాహనాలకు ప్రవేశం లేదు' అని రాసి, కింద లారీ బొమ్మ వేసి, దాని మీద ఎర్ర గీత కొట్టి ఉంటుంది. చూసినవాళ్లు చేయెత్తండి. ఇద్దరు. సంతోషం, ఒకటి సారమ్మ చెయ్యి. (నవ్వులు)

పదకొండేళ్ల కింద వానలు తగ్గాక వంతెన కింద దూలానికి పగులు కనబడింది. పై అధికారులు చూసి బోర్డు పెట్టమన్నారు, పెట్టాను. పగులుకు అడ్డంగా గాజు పట్టీ సిమెంటుతో అతికించి, పక్కన తేదీ రాశాను. పగులు పెరిగితే గాజు విరుగుతుంది, అంతే లెక్క. అప్పటినుంచి ప్రతి సోమవారం పొద్దున కిందికి దిగి ఆ గాజు చూసి వస్తున్నాను. అద్దెకున్నప్పుడైనా, సొంతిల్లు కట్టుకున్నాకైనా మేం ఉండేది వంతెనకు అవతలే కాబట్టి ఇది పెద్ద కష్టమేం కాదు.

మరి బోర్డు సంగతి? పత్తి లారీలు పోయాయి, కేసముద్రం మక్కల లారీలు పోయాయి, సిమెంటు మిక్సర్లు పోయాయి. ఒకసారి ఒక డ్రైవరును ఆపి, ఇది కనబడలేదా అని బొమ్మ చూపించాను. 'కనబడ్డది సార్, గది ఆరు టైర్ల లారీ, నాది పది టైర్లది' అన్నాడు. (నవ్వులు) మీరు నవ్వుతున్నారు, ఆ మనిషి నవ్వలేదు. మేడారం జాతరప్పుడైతే దారి చూపించే బ్యానరు ఎవరో తెచ్చి సరిగ్గా నా బోర్డు మీదనే కట్టారు. రెండు వారాలు నా బోర్డే బస్సులను వంతెన మీదికి రమ్మని పిలిచింది. బోర్డు పక్కన చాయ అమ్మే చిలుకమ్మ, అదిగో వెనక కూర్చుంది, ఆమెను అడిగాను, 'ఒక్క లారీ అన్నా వెనక్కి తిరిగిందా అవ్వా?' అని. 'తిరుగుడెందుకు బిడ్డా, నీ బోర్డు నీడకే బండి ఆపుతాండ్రు, చాయ తాగుతాండ్రు, పోతాండ్రు' అంది.

ట్రాఫిక్‌లో చేసి రిటైరైన మా కుమారస్వామి ఇక్కడే ఉన్నాడు. ఒక చలాన్ రాయరా తమ్మీ అని బతిమాలితే, 'నోటిఫికేషన్ లేని బోర్డుకు చలాన్ ఎట్ల రాయాలె అన్నా?' అన్నాడు. నోటిఫికేషన్ కోసం మా ఆఫీసులో అడిగితే, బండ్లు ఆపడం మన పని కాదు, పోలీసులు లేఖ రాయాలి అన్నారు. అవతలికి పోతే బోర్డు మీది కదా అన్నారు. నేను పెట్టింది బోర్డా, రేకు ముక్కా అనేది పదకొండేళ్లలో నాకు ఎవరూ చెప్పలేదు. ఎవరినీ నిందించడం లేదు హరికృష్ణ గారూ, మీరు వచ్చి ఏడాదే అయింది.

నాకు అర్థం కానిది ఇంకొకటుంది. వంతెన కూలలేదు. అంత బరువు మోస్తూ నిలబడే ఉంది. అయితే నా బోర్డు అబద్ధమా? అది నిజం కావాలంటే ఎవరో ఒకరి బండి వాగులో పడాలి. అట్లా కోరుకునేవాడినా నేను? కోరుకోలేదు. కానీ ఏ సోమవారం గాజు బాగున్నా, కొంచెం చిన్నబోయినట్టు ఉండేది. ఈ మాట ఇంట్లో కూడా చెప్పలేదు.

నిక్కచ్చి మనిషి అన్నారు కదా, ఇది కూడా వినండి. ఏడేళ్ల కింద మేం ఇల్లు కడుతున్నప్పుడు ఇసుక లారీ వచ్చింది. డ్రైవరుకు ఇల్లు దొరకదేమోనని వంతెనకు ఇవతలే నేను ఎక్కి డ్రైవరు పక్కన కూర్చున్నాను. పేరు సమ్మయ్య, పెద్ద మనిషి. వంతెన దగ్గర బండి ఆపాడు. బోర్డు మొత్తం చదివాడు. చదివి నా వైపు తిరిగి, 'సార్, ఐదు టన్నులని రాసి ఉన్నది. పోవాల్నా, మర్లేసుకోవాల్నా?' అని అడిగాడు. ఆ బోర్డు నాదని ఆయనకు తెలియదు.

అక్కడ మేస్త్రీ ఎదురుచూస్తున్నాడు. చుట్టుదారి నాలుగు కిలోమీటర్లు. 'ఏం కాదు, పోనియ్' అన్నాను.

పదకొండేళ్లలో ఆ బోర్డు చదివి, ఏం చేయాలని అడిగినవాడు నాకు తెలిసి ఆయనొక్కడే. ఆయనకు పొమ్మని చెప్పింది నేను. ఆ తర్వాతి సోమవారం దిగి చూస్తే గాజు బాగానే ఉంది. సంబరపడ్డానో సిగ్గుపడ్డానో ఇప్పటికీ తెలియదు. ఈ సన్మానం ఎవరికి చేస్తున్నారో మీరే చెప్పాలి. (ఎవరో: 'అట్లనకు అన్నా') అననియ్ తమ్మీ, మళ్లీ నాకు మైకు ఇవ్వరు.

మొన్న సోమవారం గాజు విరిగి ఉంది. రెండు ముక్కలు. రిపోర్టు రాసిచ్చాను, రాజేశ్వరి గారు ఇన్‌వర్డు నంబరు కూడా వేశారు. చార్జి అప్పగించే లిస్టులో టేపు ఉంది, కొలతల పుస్తకం ఉంది, స్టోరు తాళం ఉంది, గాజు మాత్రం లేదు. మహిత మేడమ్, లిస్టులో లేనిదాన్ని ఎట్లా అప్పగించాలో తెలియక ఈ డబ్బా తెచ్చాను. ఇందులో నాలుగు కొత్త గాజు పట్టీలున్నాయి. సోమవారం ఒకసారి దిగి చూడు బిడ్డా. (మహిత లేచి డబ్బా అందుకున్నారు. చప్పట్లు)

చప్పట్లు ఆపండి, ముగిస్తున్నాను. బయట మన టెంట్ హౌస్ ఉమాకాంత్ లారీ ఉంది. కుర్చీలు, ఇనుప పైపులు, జనరేటరు ఎక్కుతున్నాయి. ఖాళీ లారీయే తొమ్మిది టన్నులు తూగుతుంది. ఉమాకాంత్, పొద్దున అది ఏ దారిన వచ్చిందని నేను అడగను. ఇప్పుడు ఏ దారిన పోతుంది? తల ఊపుతున్నాడు, అది ఏ దారో నాకు ఇక్కడినుంచి తెలియడం లేదు.

మిత్రులు నన్ను ఇంటికి సాగనంపడానికి కారుకు పూలు కట్టించారు. వాళ్లు ఏమీ అనుకోవద్దు. ఆ కారులో సారమ్మ, జంపఖానా వస్తారు. నేను లారీలో డ్రైవరు పక్కన కూర్చుంటాను. బోర్డు దగ్గర ఆపి అడిగితే సరే, అడగకపోయినా సరే, చుట్టుదారిన పోదాం అని ఈసారి నేనే చెప్తాను.

ఇంత ఓపికగా విన్నందుకు, ఇన్నేళ్లు నన్ను భరించినందుకు మీకందరికీ ధన్యవాదాలు. లారీ స్టార్ట్ చేసినట్టున్నాడు, నేను పోవాలి. సెలవు.