పొద్దున్నే వచ్చే మేడమ్

దూరపరుగుల క్రీడాకారిణి ఇంటి ముందుగది. పొద్దున ఏడున్నర. నిషేధించిన మందులేమైనా వాడుతోందేమో తేల్చడానికి, ముందుగా చెప్పకుండా మూత్రం నమూనా కోసం వచ్చిన అధికారిణి గంటన్నరగా కుర్చీలో కూర్చుని ఉంది.

“ఇంకా రాలేదా?”

“లేదు మేడమ్.”

“కొంచెం కూడా?”

“కొంచెం కూడా. పిలవగానే పరిగెత్తుకు రావడానికి అదేమైనా పెంపుడు కుక్కా?”

“పదకొండేళ్ళుగా నీ దగ్గరికి వస్తున్నాను తల్లీ. ఎప్పుడూ పావుగంట దాటలేదు. ఒకసారైతే నేను చెప్పులు విప్పేలోపే సిద్ధమైపోయావు.”

“ఆ రోజు మీరు బెల్లు కొట్టేసరికి నేను అటే వెళ్తున్నాను.”

“అమ్మాయ్, ఇంకో గ్లాసు నీళ్ళు తేనా?”

“వద్దు నాన్నా.”

“వద్దండీ. ఇప్పటికే నాలుగు తాగింది. మరీ ఎక్కువైతే పల్చబడి పరీక్షకి పనికిరాదు. మళ్ళీ మొదటికొస్తాం.”

“గంటా ముప్ఫైరెండు నిమిషాలు, నలభై సెకన్లు.”

“నాన్నా, ఆ స్టాప్‌వాచీ లోపల పెట్టెయ్.”

“అలవాటమ్మా. నువ్వు పరిగెత్తినా నొక్కేస్తాను, కూర్చున్నా నొక్కేస్తాను. సరే, నేను పాలు తెచ్చుకొస్తా. ఈలోపు మేడమ్‌గారిని పంపించెయ్, పాపం ఆవిడకీ ఇల్లుంటుంది.”

“వెళ్ళారా? మీ నాన్నగారు మంచి హుషారుగా ఉన్నారే.”

“పోయిన నెల నేను పదివేల మీటర్లు గెలిచినప్పటి నుంచీ అంతే. ఇస్త్రీ ఆయనకి ఆ కథ ఐదుసార్లు చెప్పాడు. ఇప్పుడాయన బట్టలు గుమ్మంలో పెట్టేసి నాకంటే జోరుగా పరిగెడుతున్నాడు.”

“నేనూ టీవీలో చూశాను. ఆఖరి రౌండులో నవ్వావు.”

“కనిపించిందా?”

“దగ్గరగా చూపించారు. అందరూ రొప్పుతుంటే నీకు నవ్వేమిటి?”

“ఆ పందెం ఇరవై అయిదు రౌండ్లు కదా. నేనెప్పుడూ ఇరవై అయిదనుకోను. ‘ఇదొక్కటే ఉంది, ఇదైపోతే ఇంటికెళ్ళిపోవచ్చు’ అని నాకు నేనే అబద్ధం చెప్పుకుంటాను. అది అయ్యాక, తర్వాతి రౌండులో మళ్ళీ అదే అబద్ధం.”

“నమ్ముతావా?”

“ప్రతిసారీ నమ్ముతాను. నమ్మకపోతే కాళ్ళు సాగవు. ఆ రోజు ఆఖరి రౌండుకి గంట కొట్టారు. అలవాటు కొద్దీ ‘ఇదొక్కటే ఉంది’ అనుకున్నాను. తీరా చూస్తే అది నిజం. దానికి నవ్వొచ్చింది.”

“బాగుంది. మాటల్లో పెట్టి నన్ను మరిపిస్తున్నావు. వస్తోందా?”

“లేదు. మా చెల్లి పెళ్ళినాడు మీరొచ్చారు, గుర్తుందా?”

“మర్చిపోతానా? పెళ్ళికొడుకు మేనత్తననుకుని నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. ఫొటోలు కూడా తీశారు.”

“చెల్లి ఆల్బమ్‌లో నాకంటే మీవే ఎక్కువ. తొమ్మిదింటికల్లా పడుకోవాలని నేను విందుకి ఉండకుండా వచ్చేశాను. మర్నాడు ముప్ఫై కిలోమీటర్ల పరుగు ఉంది.”

“బాధపడ్డావా?”

“అప్పుడు లేదు. పరుగు బాగా వచ్చింది కూడాను. స్నేహితులు మొదట్లో ‘వస్తావా?’ అనేవాళ్ళు. తర్వాత ‘నువ్వు రావులే’ అన్నారు. ఆ తర్వాత అదీ అనడం మానేశారు. దగ్గొస్తే మందు తాగాలన్నా భయం, ఆ సీసాలో ఏం కలిసిందోనని. రోజూ ఒక గంట ఎక్కడుంటానో మీ ఆఫీసుకి ముందే రాసివ్వాలి, కాబట్టి ఉన్నట్టుండి ఎక్కడికీ పోలేను. అయినా ఎవరూ నా మెడ పట్టి పరిగెత్తించలేదులెండి. ఇష్టమయ్యే చేశాను.”

“కాళ్ళెందుకలా మెలేసుకున్నావు?”

“ఏం లేదు.”

“చెమటలు పడుతున్నాయి.”

“ఉక్కగా ఉంది కదా.”

“నెత్తిమీద ఫాను తిరుగుతోంది. ఇటు చూడు. నీకు వస్తోంది. ఆపుకుంటున్నావు.”

“లేదు మేడమ్.”

“ఇరవై ఏళ్ళుగా నేను చేసే పని ఇదే. ఒంట్లోంచి మందు దిగిపోవడానికి కాస్త టైము కావాలనుకునేవాళ్ళే ఇలా ఆపుకుంటారు. నువ్వు ఇవ్వనంటే, ఇవ్వలేదని రాసుకుని వెళ్ళాలి. అలా రాస్తే దొరికినట్టే లెక్క. ఇన్నేళ్ళ పేరూ పోతుంది. నా చేత ఆ మాట రాయించకు. ఏం వాడావు?”

“ఏమీ వాడలేదు.”

“నా మొహం చూసి చెప్పు.”

“చూసే చెబుతున్నాను. ఏమీ వాడలేదు. ఇస్తాను మేడమ్, ఇవ్వక ఎక్కడికి పోతాను? ఇంకో ఐదు నిమిషాలు కూర్చోండి.”

“ఐదు నిమిషాల్లో ఏం జరుగుతుంది?”

“ఏం జరగదు. మీరు కూర్చుంటారు.”

“నాకర్థమయ్యేలా చెప్పు తల్లీ.”

“నిన్న ఉత్తరం పంపాను. ఇక పందేలు మానేస్తున్నానని. మీ ఆఫీసుకి ఇంకా చేరి ఉండదు.”

“మానేస్తున్నావా? మీ నాన్నగారు ఏమన్నారు?”

“ఆయనకింకా చెప్పలేదు. మీకే మొదట. దిగులేం లేదు, నిజంగా. తృప్తిగా ఉంది. రేపు ఎనిమిదిదాకా నిద్రపోతాను. వర్షం వస్తే కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాను.”

“మరి అంత తృప్తిగా ఉన్నదానివి, ఇది ఆపుకోవడం దేనికి? నా గుండె ఆగినంత పనైంది.”

“ఇచ్చేస్తే మీరు పెట్టె సర్దుకుని వెళ్ళిపోతారు. ఇదే ఆఖరిది, ఇక రారు. ఇన్నేళ్ళలో నేనెవరింటికీ వెళ్ళలేదు మేడమ్. అందుకని నా కోసం ఎవరూ రాలేదు. మీరొక్కరే వచ్చారు.”

“పిచ్చిపిల్లా. లే ముందు.”

“వెళ్ళిపోతారుగా?”

“వెళ్తాను. పెట్టె తీసుకెళ్ళి కారులో పెట్టి, మళ్ళీ వచ్చి బెల్లు కొడతాను. ఎందుకొచ్చారని అడుగు. ఊరికే వచ్చానంటాను.”